ఆలుమగలకు చెరో గోలీ

పెళ్లయి ఆరేళ్లు దాటినా పిల్లలు కలగకపోవడం మా ఇంట్లో నా ఒక్కదాని పని. గిన్నెలు తోమడం, కుళాయి వచ్చినప్పుడు నీళ్లు పట్టడం ఎలా నా వంతుకు వచ్చాయో అదీ అలాగే వచ్చింది. ఉపవాసాలు నేనే ఉన్నాను. తాయెత్తులు నేనే కట్టుకున్నాను. ఎవరో చెప్పారని నలభై రోజులు వేపాకు రసం తాగి నోరు చేదు చేసుకున్నదీ నేనే. మా ఆయన మాత్రం పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని ఖటోదరాలోని ఖార్ఖానాకు వెళ్లి, పన్నెండు గంటలు సాంచాలు నడిపి, ఇంటికొచ్చి, ఏమైనా విశేషమా అన్నట్టు నా మొహంలోకి చూసేవాడు. సాంచాలంటే మర మగ్గాలు. మా తెలుగువాళ్లు రెండు మూడు తరాలుగా వాటినే నమ్ముకుని సూరత్‌లో బతుకుతున్నారు. నేను ఇక్కడే పుట్టాను. ఆయన కరీంనగర్ దిక్కు పల్లె నుంచి పదిహేడేళ్ల వయసులో వచ్చి ఇక్కడే పాతుకుపోయాడు. నేను ఇంట్లో కూర్చుని చీరలకు లేసులు కుట్టేదాన్ని.

మాతో పాటు మా అత్తమ్మ ఉంటుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే ఇది చదువుతుంటే మధ్యలో మీకు ఆమె మీద కోపం వస్తుంది. తిట్టాల్సిన తిట్లన్నీ నేను అప్పుడే తిట్టేశాను, మీకు మిగల్చలేదు. ఆమెకు ఇద్దరే దేవుళ్లు: ఒకరు కొండ మీద ఉన్నాయన, రెండోవాడు మా ఆయన. ఆ రెండో దేవుడిలో లోపం ఉండవచ్చన్న ఆలోచన ఆమెకు కలలో కూడా వచ్చేది కాదు.

వాళ్ల ఊరి దిక్కు పిల్లల కోసం పసరు మందు ఇచ్చే పెద్దాయన ఒకడు ఉండేవాడు. మేము రెండుసార్లు వెళ్లాం. పచ్చటి ముద్దను తమలపాకులో పెట్టి, రెండు సమభాగాలు చేసి, ఆలుమగలిద్దరినీ ఒకే పీట మీద కూర్చోబెట్టి తినిపించేవాడు. అక్కడ అదే కట్టు. ఒకరు తిని ఇంకొకరు తినకపోతే మందు పడదు. మా ఆయన ముక్కు మూసుకుని తన సగం మింగేవాడు, నేను కళ్లు మూసుకుని నా సగం మింగేదాన్ని. రెండుసార్లూ ఇద్దరికీ విరేచనాలు పట్టుకున్నాయి తప్ప ఇంకేం కాలేదు. అత్తమ్మ మాత్రం మందు లోపలికి పని చేస్తోందని సంతోషించింది.

చివరికి నేనే మొండికేసి నది అవతల అడాజన్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అది కరోనా వచ్చిన ఏడాది మొదట్లో. ఆమె నన్ను పరీక్షించి, గర్భసంచి లోపలి పొర పలచగా ఉందని, దాన్ని మందంగా చేయడానికని రోజుకొక గోలీ రాసింది. నెలలో ఇన్ని రోజులు మింగు, తర్వాత ఆపు, నెలసరి వచ్చాక మళ్లీ మొదలుపెట్టు అని వేళ్ల మీద లెక్క చెప్పింది. మూడు నెలల తర్వాత రమ్మంది. మా ఆయనకు వీర్య పరీక్ష చేయాలని ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ కూడా చేతిలో పెట్టింది.

ఆ డబ్బీ చూడగానే ఆయనకు ఎక్కడ లేని రోషం పొడుచుకొచ్చింది.

"నాకేమైందే? మీసం లేదా, గడ్డం లేదా? పన్నెండు గంటలు నిలవడి సాంచాలు నడుపుతాన. నాకెందుకే పరీక్ష?"

"మీసంల ఉండయయ్యా అవి," అన్నాను.

అత్తమ్మ ఆ డబ్బీని కడిగి అందులో లవంగాలు పోసుకుంది. పది రోజులు తిరగకముందే లాక్‌డౌన్ పెట్టారు. నేను పుట్టాక మొదటిసారి సూరత్ చప్పుడు చేయకుండా ఉండటం విన్నాను. సాంచాల మోత లేని ఊళ్లో చెవులు ఏం చేయాలో తెలియక గుయ్యిమనేవి. మా గల్లీలో సగం మంది ఏదో ఒక రకంగా ఊళ్లకు వెళ్లిపోయారు. మేము ఉండిపోయాం. ఒక్క గదిలో ముగ్గురం, రోజంతా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం.

అప్పుడు పడింది అత్తమ్మ కన్ను నా గోలీ మీద.

"ఏందే, ఒక్కదానివే మింగుతానవ్?"

"డాక్టరమ్మ నాకే రాసింది అత్తమ్మా."

"రాస్తె రాసింది. మన కట్టు ఆమెకేం ఎరుక? పిల్లల మందు ఆలుమగలిద్దరు తింటెనే పడుతది."

"ఇది పసరు గాదు. ఇంగ్లీషు గోలీ."

"ఏ గోలీ అయితేంది? పిల్లల కోసమే గదా!"

అంటూనే వక్కలు కత్తిరించే అడకత్తెర తీసి, ఆ తెల్లటి చిన్న గోలీని టక్కున రెండు ముక్కలు చేసింది. నేను ఊరుకోలేదు. సగం గోలీతో నాకేం పని చేస్తుందని అరిచాను. ఆమె అరిచింది. గోడ అవతలి ఒరియా వాళ్లు టీవీ చప్పుడు తగ్గించి మరీ విన్నారు. చివరికి మా ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"లొల్లి వెట్టకుండ్రి ఇద్దరు. దాని గోలీ అది మింగుతది. నాకు ఇంకో పట్టీ తెచ్చుకుంట. పిల్లల కోసం నేను గా మాత్రం మింగలేనా?"

నిజం చెప్పాలి. అప్పుడే నేను ఆపి ఉండాల్సింది. తొమ్మిదో తరగతి దాకా చదువుకున్నదాన్ని, ఆడదానికి రాసిన మందు మగవాడు మింగితే ఏమవుతుందో ఆలోచించే పాటి బుర్ర నాకు లేకపోలేదు. కానీ నేను ఆలోచించలేదు. నాకు సంతోషం వేసింది. ఆరేళ్లుగా ఒక్కదాన్నే మింగుతున్నదాంట్లో ఆయన తన వాటా అడిగి తీసుకున్నాడని లోపల్లోపల పొంగిపోయాను. రోజూ పొద్దున టీ తాగాక ఇద్దరం పక్కపక్కన కూర్చుని చెరో గోలీ నోట్లో వేసుకునేవాళ్లం. ఒకే చెంబులోని నీళ్లు తాగేవాళ్లం. ఆ నెలల్లో మేము పోట్లాడుకున్నది చాలా తక్కువ.

నాకు ఆపే రోజులు ఉండేవి. నెలసరి వచ్చేది, ఆపేదాన్ని. ఆయనకు ఏ నెలసరి వస్తుంది? ఆపమని ఆయనకు ఎవరూ చెప్పలేదు కాబట్టి ఒక్కరోజు కూడా మానకుండా మింగాడు. అలా నాకు రాసిన మందు నాకంటే ఎక్కువ ఆయన కడుపులోకే వెళ్లింది. డాక్టరమ్మ మూడు నెలలు అంది. ఆసుపత్రి పేరెత్తితేనే జనం భయపడుతున్న కాలం, మేము ఆ మూడు నెలల్ని దాదాపు పది నెలలు చేశాం. పాత చీటీ చూపిస్తే షాపులో ఇచ్చేవాళ్లు. డాక్టరమ్మకు ఒక్క ఫోను చేయాలని మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

మొదట్లో ఆయన మొహం నున్నగా, నిగనిగలాడుతూ తయారైంది. "సూసినవా, మందు పడుతాంది," అని అత్తమ్మ మురిసిపోయింది. రోజూ గీసుకోవాల్సిన గడ్డం నాలుగు రోజులకు ఒకసారి గీసుకుంటే సరిపోయేది. ఖాళీగా కూర్చుని తింటున్నాడు కదా, ఒళ్లు చేశాడనుకున్నాం. వానాకాలంలో ఖార్ఖానాలు మెల్లగా తెరిచారు. పనికి వెళ్లడం మొదలుపెట్టాక ఆయనలో ఏదో తేడా వచ్చింది. ఆ షెడ్లో ఉక్కకు ఎవరూ ఒంటి మీద అంగీ ఉంచుకోరు, బనియన్లతోనే పని చేస్తారు. ఈయన ఒక్కడే మెడ దాకా గుండీలు పెట్టుకుని, చెమటతో తడిసి ముద్దయిన అంగీతో ఇంటికి వచ్చేవాడు. ఎందుకని అడిగితే కరోనా అనేవాడు. ఆ రోజుల్లో దేనికైనా ఆ ఒక్క మాట చాలు.

రాత్రుళ్లు నా వైపు తిరగడం మానేశాడు. అలసిపోయాననేవాడు. వారం అలసట, నెల అలసట, మూడు నెలల అలసట. నాకు ఏడుపొచ్చేది, ఏడుపు కాసేపటికి కోపమయ్యేది. ఇంకెవరైనా ఉన్నారేమో అని కూడా అనుకున్నాను. సాంచాల మధ్య ఎవరుంటారు, పడుగు నూలు చుట్టిన బీములు తప్ప? అయినా అనుమానానికి బుద్ధి ఉండదు. కోపంలో కుట్టిన లేసులన్నీ వంకర పోయి, నాలుగు చీరలు విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తమ్మ పక్కింటికి వెళ్లినప్పుడు ఆయన తలుపు గడియ పెట్టి, అంగీ విప్పి నా ముందు నిలబడ్డాడు. ఛాతీ రెండు వైపులా ఉబ్బి ఉంది. చనుమొనల కింద గట్టిగా గడ్డల్లాగా తగిలాయి. తెగిన పోగు అతకడానికి సాంచా మీదికి వంగినప్పుడల్లా ముందు కడ్డీ ఛాతీకి ఒత్తుకుని ప్రాణం పోయేదట. అందుకే కొన్నాళ్లుగా పోగులు పక్క నుంచి వంగి అతుకుతున్నాడట. అది చూసి పక్క సాంచా వాడు నడుము పట్టేసిందా అని అడిగాడట.

"ఇది ఒక్కటే గాదే," అని తల దించుకున్నాడు. "కింద గూడ చిన్నగైనయ్. నాకు కాన్సర్ అచ్చినట్టుంది. నేను పోతనేమో."

అని కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను మొదటిసారి చూశాను. అన్ని నెలలుగా నేను పెంచుకున్న కోపమంతా ఏమైపోయిందో తెలియదు. తల నా పొట్టకు ఆనించుకుని, "లే, అంగీ తొడుక్కో. ముందు పోదాం, తర్వాత సచ్చిపోదువు గని," అన్నాను.

అప్పుడు కరోనా మొదటి ఉధృతి తగ్గి, రెండోది ఇంకా రాని కాలం. ముగ్గురం మాస్కులు కట్టుకుని బస్సెక్కి అడాజన్ వెళ్లాం. కొడుకును పరాయి చేతుల్లో పెట్టడం ఇష్టం లేక అత్తమ్మ కూడా సంచీ పట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ ఆయనను చూసి, అదే భవనంలో పై అంతస్తులో ఉండే మగవాళ్ల డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన తెల్లజుట్టు మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. తెర చాటుకు తీసుకెళ్లి పరీక్ష చేశాడు. బయటికొచ్చాక మా ఆయన నా చెవిలో చెప్పాడు, డాక్టరు దగ్గర చిన్నవాటి నుంచి పెద్దవాటి దాకా వరసగా గుచ్చిన పూసల దండ ఉందట, వృషణాలను ఆ పూసలతో పోల్చి కొలిచాడట.

"నాయి ఏ పూస కాడ ఆగినయో అడగకు," అన్నాడు.

ఛాతీలోది కాన్సర్ లాగా లేదని డాక్టరు అప్పుడే ధైర్యం చెప్పాడు. రక్త పరీక్ష, వీర్య పరీక్ష రాశాడు. ఈసారి డబ్బీ ఇస్తే మా ఆయన మీసం ఊసెత్తలేదు. మూడో రోజు మళ్లీ వెళ్లాం. రిపోర్టు చూసి డాక్టరు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. వీర్యకణాలు లేవన్నంత తక్కువగా ఉన్నాయి. మగ హార్మోన్ అడుగంటింది. ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ మాత్రం ఆకాశాన్నంటింది.

"జిమ్ముకు వెళ్తావా? ఇంజెక్షన్లు, పౌడర్లు ఏమైనా?" అని హిందీలో అడిగాడు.

లేదన్నాడు.

"తాగుతావా?"

పండగలకు అన్నాడు.

"ఇంట్లో ఎవరైనా హార్మోన్ మందులు వాడుతున్నారా?"

నేను బడిపిల్లలాగా చెయ్యెత్తాను. అప్పటికి నాకు అర్థమైపోయింది. నోరు తెరిచి చెప్పేలోపే అత్తమ్మ సంచీ విప్పి రెండు పట్టీలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి నాది, ఒకటి ఆయనది. తనకొచ్చిన హిందీలో, ఛాతీ విరుచుకుని, "దోనోంకో దేతీ హూఁ సాబ్. ఏక్ దిన్ భీ నాగా నహీఁ," అంది. ఇద్దరికీ ఇస్తున్నాను, ఒక్కరోజు కూడా తప్పలేదు అని.

డాక్టరు నవ్వలేదు, తిట్టలేదు. తెల్లకాగితం తీసి ఒక తలకాయ, దాని కింద రెండు సున్నాలు గీశాడు. మగవాడి ఒంట్లో కూడా ఈస్ట్రోజన్ కొంచెం ఉంటుందట, ఉండాలట కూడా. అది మోతాదు దాటితే మెదడు మోసపోతుంది. ఒంట్లో హార్మోన్ దండిగా ఉంది కదా, ఇంకా ఎందుకని వృషణాలకు పంపే ఆజ్ఞలు ఆపేస్తుంది. ఆజ్ఞ రాకపోతే అవి మగ హార్మోన్ తయారు చేయవు, వీర్యకణాలూ తయారు చేయవు. పని లేక కుంచించుకుపోతాయి. కోరిక చచ్చిపోతుంది. ఛాతీ పెరుగుతుంది. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగితే అది కూడా ఉన్న కాస్త మగ హార్మోన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది.

మా ఆయన ఆ బొమ్మ మీద వేలు పెట్టాడు.

"అంటే సేఠ్ నూలు పంపుడు బంద్ చేసిండు. సాంచాలు ఖరాబ్ కాలే, ఉత్తగ ఆగినయ్. గంతేనా సాబ్?"

నేను హిందీలో చెప్పాను. డాక్టరు మొహం వెలిగింది. "సరిగ్గా అంతే," అన్నాడు. గోలీలు ఇవాళే ఆపాలన్నాడు. చాలామందికి మళ్లీ మొదలవుతుంది, కొత్త కణాలు తయారై రావడానికే మూడు నెలలు పడుతుంది, ఏడాది కూడా పట్టొచ్చు, కానీ నేను కాగితం మీద రాసి ఇవ్వలేను అన్నాడు. ఆ చివరి మాట నా గుండెలో దిగబడింది. అప్పటిదాకా పిల్లలు కలుగుతారా లేదా అన్నది ఎవరి చేతుల్లోనూ లేని సంగతి. ఇప్పుడు, మా చేతులతో మేమే ఆర్పిన దీపం మళ్లీ వెలుగుతుందా లేదా అన్నది అయింది.

అత్తమ్మ, "ఏమంటుండే?" అని నా కొంగు లాగింది. నేను అక్కడే, ఆ డాక్టరు ముందే పేలాను.

"నీ కొడుకుకు ఆడోళ్ల మందు మింగవెట్టినవ్. పది నెలలు. వాని బీజాలు ఎండిపోయినయ్. సమజైందా?"

ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. కానీ ఇంటికొచ్చాక తేరుకుని, గోలీ చేసినవాళ్లే తప్పు చేసి ఉంటారని, సూరత్ నీళ్లే మంచివి కావని, అసలు ఇదంతా కరోనా వల్లేనని వరసగా ఒక్కొక్కరి మీదా నెట్టుకుంటూ వెళ్లింది. తన పేరు ఒక్కటే ఆ వరసలో లేదు. నేను వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. అన్నం కంచం నేల మీద చప్పుడయ్యేలా పెట్టేదాన్ని. నా మీద నాకున్న కోపం కూడా ఆ చప్పుడులో ఉంది. ఆమె వంచిన తలతో తినేసి వెళ్లేది.

తర్వాతి నెలలు మా ఆయనవి. ఆ మనిషిలో అంత పట్టుదల ఉందని నాకు తెలియదు. ఖైనీ మానేశాడు. ప్రాణం కంటే ఎక్కువైన ఫాఫ్డా, ఖమణ్ లాంటి శనగపిండి చిరుతిళ్లు మానేశాడు. ఖార్ఖానాకు షేరింగు ఆటో వదిలేసి నడిచి వెళ్లాడు, నడిచి వచ్చాడు. బిగుతు ప్యాంట్లు మూటగట్టి అటక మీద పడేసి లుంగీ కట్టాడు. ఎండాకాలంలో రెండో ఉధృతి వచ్చి ఊరంతా అంబులెన్సుల కూతలతో నిండిపోయింది. మూడు నెలలకు చేయాల్సిన పరీక్ష ఆగిపోయింది. ఎక్కడ చూసినా చావు కబుర్లు. అలాంటప్పుడు మా బాధ ఎవరికి చెప్పుకోగలం? చెప్పుకోలేదు. కానీ ఆ రోజుల్లోనే ఒక పొద్దున ఆయన అద్దం ముందు నిలబడి, "ఏమే, నిన్ననే గీసుకున్న గదా? సూడు, ఇయ్యాల మళ్ల మొలిచింది!" అని కేక పెట్టాడు. నేను వేళ్లతో గడ్డం తడిమాను. గరుకుగా తగిలింది. ఇద్దరం పిచ్చివాళ్లలాగా నవ్వాం. ఆ రోజు నుంచి గల్లీ అంతా చూడాలన్నట్టు గడప మీద కూర్చుని మరీ గీసుకునేవాడు.

వానలు మొదలయ్యాక పరీక్ష చేయించాం. కణాలు ఇంకా తక్కువే, కానీ ఉన్నాయి. కదులుతున్నాయని రిపోర్టులో ఉంది.

"కదులుతానయంట!" అని బస్టాపులో నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఎటు పోవాల్నో తెల్వదు గని కదులుతానయ్!"

సరిగ్గా అప్పుడే ఖార్ఖానాలో టీకా గొడవ మొదలైంది. టీకా వేసుకుంటే మగతనం పోతుందని ఎవరో పుట్టించారు. మావాళ్లలో ఒక్కరూ సూది దగ్గరికి వెళ్లడం లేదు. ఆ గొడవ మధ్యలో ఒకడు మా ఆయన వైపు వేలు చూపించి, వీడిని చూడండి, అంగీ విప్పడు, వీడు చాటుగా టీకా వేసుకున్నట్టున్నాడు అని నవ్వాడట. టీ తాగే వేళ, ముప్పై మంది మగవాళ్ల మధ్య జరిగింది ఇది. మా ఆయన గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడి, గుండీలు విప్పాడట.

"సూడుండ్రి. గిది టీకాతోని కాలే. నేనింక టీకానే ఏసుకోలే. నా పెండ్లానికి రాసిన గోలీలు నేను మింగిన. పిల్లలు కావాల్నని మింగిన. ఆడోళ్ల హార్మోన్ ఎక్కువై మొగోని పని బంద్ అయింది. గోలీలు బంద్ చేసిన, మళ్ల సురువైతాంది. రిపోర్ట్ ఉన్నది నా కాడ. నవ్వుకునేటోడు నవ్వుకోండ్రి. నేను సూది ఏసుకోను పోతాన, అచ్చేటోడు రాండ్రి."

ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు. వారం తర్వాత పక్క సాంచా వాడి భార్య చెప్పింది. ఆ రోజు ఎవరూ నవ్వలేదట. పదకొండు మంది ఆయన వెనకాల నడిచి వెళ్లి టీకా వేసుకున్నారట. నేను లేసు కుట్టడం ఆపి, చీర మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. డబ్బీ చూసి మీసం మెలేసిన మనిషి ఈయనేనా అనిపించింది. గుండీలు విప్పిన ఆ రోజు నుంచి ఆయన బనియన్‌తోనే పని చేశాడట.

దీపావళి సెలవులు అయిపోయాక మళ్లీ అడాజన్ వెళ్లాం. డాక్టరు తెర చాటున పూసల దండతో కొలిచాడు, రిపోర్టు చదివాడు, పాతవి పక్కన పెట్టుకుని మళ్లీ చదివాడు. లెక్క మామూలు. కదలిక మామూలు. హార్మోన్లు ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. ఎడమ వైపు ఛాతీలో చిన్న గడ్డ మిగిలింది, అది పూర్తిగా పోకపోవచ్చు కానీ భయం లేదన్నాడు. మా ఆయన లేచి ఆ పెద్దాయన కాళ్లకు దండం పెట్టబోతే ఆయన వెనక్కి జరిగి, "నేనేం చేయలేదు, మీ ఒళ్లే చేసుకుంది," అన్నాడు.

బయటికొచ్చాక మేము బస్సెక్కలేదు. తాపీ నది వంతెన మీదుగా నడిచాం. ఆయన వంతెన మధ్యలో ఆగి, నదికేసి తిరిగి, మాస్కు కిందికి లాగి, గొంతు చించుకుని ఒక్క అరుపు అరిచాడు. కార్లలోని వాళ్లు తొంగి చూశారు. నాకు సిగ్గేయలేదు. పక్కన నిలబడి నేనూ అరిచాను. మాకు అప్పటికి ఇంకా బిడ్డ లేదు, కడుపు లేదు. అయినా ఆ పూట నా అంత గెలిచినదాన్ని నేను సూరత్‌లో ఇంకెవరినీ చూడలేదు.

నా మందులు మళ్లీ డాక్టరమ్మ చూసి రాసింది. ఈసారి నావి నేనే మింగాను. వేసవి రాకముందే నెల తప్పింది. వానలు వెళ్లి చలి మొదలవుతుండగా ఆడపిల్ల పుట్టింది. పిల్లను చేతిలో పెడితే మా ఆయన ఎక్కడ పట్టుకోవాలో తెలియక తెగిన పోగును పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పాదం పట్టుకున్నాడు.

ఇరవై ఒకటో రోజున తొట్లెలో వేశాం. గల్లీలోని మన తెలుగు ఆడవాళ్లందరూ వచ్చారు. ఊరి నుంచి అత్తమ్మకు వరసకు చెల్లెలయ్యే ఆమె కూడా వచ్చింది, వెంట కోడలిని తెచ్చుకుంది. ఆ పిల్లకు పెళ్లయి నాలుగేళ్లట. గోడ వారగా, ఎవరి కంటా పడకుండా ఒదిగి కూర్చుంది. ఎలా కూర్చోవాలో నాకు బాగా తెలిసిన చోటది. పాటలయ్యాక ఆ చెల్లెలు అత్తమ్మ దగ్గరికి జరిగి, నలుగురూ వినేలాగానే అడిగింది.

"అక్కా, ఏం మందు ఇప్పిచ్చినవ్ నీ కోడలికి? జర మాకు గూడ చెప్పు. దీనికి నాలుగేండ్ల సంది ఏది పడుతలేదు."

నాకు ఒళ్లు మండింది. కోపం నా ముక్కు మీదే ఉంటుంది కదా, ఏదో ఒకటి అనేయబోయాను. అత్తమ్మ ఏ దేవుడి పేరో చెప్పి తప్పించుకుంటుందనుకున్నాను. గోలీల సంగతి బయటపడ్డ ఈ దాదాపు రెండేళ్లలో ఆ ఊసు ఎత్తితే చాలు, లేచి వెళ్లిపోయే మనిషి ఆమె. ఈసారి లేవలేదు. మనవరాలిని ఒళ్లో సర్దుకుంది.

"మందుతోని కాలే సెల్లే. మందు బంద్ చేస్తె అయింది," అంది.

ఆడవాళ్లందరూ అటు తిరిగారు.

"నా కోడలి గోలీలు నా కొడుకుతోని మింగవెట్టిన. నేనే. వాని మొగతనం నా చేతులతోనే తీసిన. డాక్టర్ తప్పు కాదు, గోలీ తప్పు కాదు, నాది. అంతకుముందు ఆరేండ్లు ఈ పిల్లనే అన్న. వాణ్ని ఒక్కపారి గూడ పరీక్ష చేపిస్త అనలే." పాపను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "నీ కోడలికి ఏ మందు గావాల్నో తర్వాత సూద్దువు. ముందుగాల నీ కొడుకును దవఖానకు తోల్కపో."

నేను వెళ్లి అత్తమ్మ పక్కన, ఆమె భుజానికి ఆనుకుని కూర్చున్నాను. గోడ వార నుంచి ఆ పిల్ల తల ఎత్తి, చేతులు చాపి, "పాపను ఒకపారి ఎత్తుకోనా?" అని అడిగింది.